లెక్క తప్పినా ఇల్లు నిలవాలి: కెర్నల్‌లో రిఫరెన్స్ కౌంటింగ్

కల్యాణ మండపం దగ్గర ఒక వాచ్‌మన్ ఉన్నాడనుకుందాం. లోపల ఎంతమంది ఉన్నారో అతను లెక్క పెట్టుకుంటూ ఉండాలి. ఆఖరి మనిషి బయటికి వచ్చాక తాళం వేసి, తాళంచెవి తర్వాతి పార్టీకి ఇవ్వాలి. ఒకరు లోపలికి వెళ్తే ఒకటి కలుపుతాడు, ఒకరు బయటికి వస్తే ఒకటి తీసేస్తాడు. ఈ లెక్క అసలు కన్నా ఎక్కువ చూపిస్తే నష్టం చిన్నదే, అందరూ వెళ్ళిపోయినా హాలు ఊరికే ఖాళీగా పడి ఉంటుంది. తక్కువ చూపిస్తే మాత్రం పెద్ద గొడవ. మనవాళ్ళు ఇంకా బంతిలో కూర్చుని తింటుండగానే వేరేవాళ్ళ పెళ్ళి సామాను లోపలికి దిగుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లోపల రోజంతా ఇలాంటి లెక్కలే నడుస్తుంటాయి. తెరిచిన ఫైలు, నెట్‌వర్క్ సాకెట్, యూజర్ హక్కుల వివరాలు, తగిలించిన యూఎస్‌బీ డివైస్, ప్రతిదానికీ మెమరీలో ఒక ఆబ్జెక్ట్ ఉంటుంది. ఒకే ఆబ్జెక్ట్‌ను ఒకేసారి పది చోట్ల నుంచి వాడుతుంటారు. వాళ్ళలో ఆఖరున వదిలేది ఎవరో ముందుగా చెప్పలేం. లినక్స్ కెర్నల్‌లో ఎక్కువ భాగం సీ భాషలో రాసిందే. వాడకం అయిపోయిన మెమరీని తనంతట తానే వెనక్కి తీసుకునే ఏర్పాటు ఆ భాషలో లేదు. అందుకే ఆబ్జెక్ట్‌లోనే ఒక అంకె పెడతారు. వాడుకోబోయే కోడ్ ఒకటి కలుపుతుంది, పని అయ్యాక ఒకటి తీసేస్తుంది. కెర్నల్ రాసేవాళ్ళ మాటల్లో కలపడం ‘గెట్’, తీసేయడం ‘పుట్’. పుట్ చేసినప్పుడు అంకె సున్నాకి వచ్చిందంటే, ఆ పుట్ చేసిన కోడే ఆబ్జెక్ట్‌ను ఫ్రీ చేయాలి. రిఫరెన్స్ కౌంట్ అంటే ఇంతే.

ఇంత చిన్న విషయం మీద కెర్నల్ భద్రత ఎందుకు ఆధారపడుతుందో తెలియాలంటే, ఫ్రీ చేసిన మెమరీ తర్వాత ఏమవుతుందో చూడాలి. కెర్నల్ ఆ జాగాను పారేయదు. అదే సైజులో ఇంకో ఆబ్జెక్ట్ కావాలని ఎవరైనా అడిగితే, చాలాసార్లు ఇప్పుడే ఖాళీ అయిన జాగానే తీసి ఇస్తుంది. వేగం కోసం అలా చేయడమే మంచిది కూడా. కానీ పాత ఆబ్జెక్ట్‌ను ఇంకా పట్టుకుని ఉన్నవాళ్ళు ఎవరైనా మిగిలితే, వాళ్ళు పాత అడ్రసుకే వెళ్తారు. అక్కడ ఇప్పుడు వేరేవాళ్ళ డేటా ఉంటుంది. ఆ డేటా దాడి చేసేవాడు ఏరి కోరి పెట్టిందైతే, పాత ఆబ్జెక్ట్‌లో ఫంక్షన్ అడ్రసు ఉండాల్సిన చోట వాడి అడ్రసు కూర్చుంటుంది. కెర్నల్ ఆ ఫంక్షన్‌ను పిలిచిందంటే మెషీన్ వాడి చేతికి వెళ్ళినట్టే. దీన్నే యూజ్-ఆఫ్టర్-ఫ్రీ అంటారు.

ఇంతవరకూ చూస్తే ప్రమాదమంతా లెక్క తక్కువ చూపించడంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. పుట్ మరిచిపోతే మెమరీ కొంచెం వృథా అవుతుంది, దాన్ని లీక్ అని పక్కన పెట్టేయొచ్చు అనిపిస్తుంది. చాలా ఏళ్ళు కెర్నల్ ప్రపంచం కూడా దాదాపు అలాగే అనుకుంది. ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బకొట్టిన సంఘటనల్లో ఒకటి 2016 జనవరిలో బయటపడింది. బయటపడ్డ భద్రతా లోపాలను నమోదు చేసే సీవీఈ జాబితాలో దాని నంబర్ సీవీఈ-2016-0728. పర్‌సెప్షన్ పాయింట్ అనే భద్రతా సంస్థ దాన్ని కనిపెట్టి వివరాలు ప్రచురించింది.

ఆ లోపాన్ని దగ్గర నుంచి చూడటం మంచిది, ఎందుకంటే ఇలాంటి తప్పులు దాదాపు అన్నీ అదే పోలికలో ఉంటాయి. లినక్స్‌లో పాస్‌వర్డ్‌లు, టోకెన్‌ల వంటి రహస్యాలను దాచుకోవడానికి కీరింగ్‌లు ఉంటాయి. ఒక ప్రాసెస్ తన సెషన్ కీరింగ్‌ను మార్చుకోవాలనుకుంటే, ఒక పేరు చెప్పి కెర్నల్‌ను అడుగుతుంది. కెర్నల్ ఆ పేరున్న కీరింగ్ కోసం వెతుకుతుంది, దొరికితే దాని లెక్కకు ఒకటి కలుపుతుంది. తర్వాత ఒక చిన్న పరీక్ష. దొరికిన కీరింగ్, ఆ ప్రాసెస్ ఇప్పటికే వాడుతున్న కీరింగ్ ఒకటేనా? ఒకటే అయితే మార్చాల్సింది ఏమీ లేదు కాబట్టి ‘సరే’ అని వెనక్కి వచ్చేస్తుంది. అంతా సవ్యంగానే ఉంది, ఒక్కటి తప్ప. వెతికినప్పుడు కలిపిన ఆ ఒకటిని ఈ దారిలో ఎవరూ తీసేయలేదు. 2013 ఫిబ్రవరిలో విడుదలైన 3.8 వెర్షన్ నుంచి దాదాపు మూడేళ్ళు ఆ కోడ్ అలాగే ఉంది. సరిచేయడానికి పట్టింది ఒక్క పుట్.

అదే పేరుతో అదే కోరిక మళ్ళీ అడిగితే లెక్కలో ఇంకొకటి చేరుతుంది. కీరింగ్‌ల జాబితాను కెర్నల్ ‘ప్రాక్’ ఫోల్డర్‌లోని ఒక ఫైలులో చూపిస్తుంది. లూప్‌లో వంద సార్లు అడిగి ఆ ఫైలు తెరిస్తే, వాడకం లెక్క వంద దాకా పెరిగి కళ్ళెదుటే కనిపించేది. ఇది లీకే, అదీ కాస్త మెమరీ లీకే. మరి ప్రమాదం ఎక్కడుంది?

ఆ అంకె 32 బిట్‌ల జాగాలో ఉంది. అందులో పట్టేవి 4,29,49,67,296 విలువలే. పాత స్కూటర్ మీటరు 99999 దాటగానే 00000 అయినట్టు, ఈ లెక్క కూడా అక్కడికి చేరగానే సున్నాకి తిరుగుతుంది. సున్నా అంటే ఎవరూ వాడట్లేదని కదా, కెర్నల్ కీరింగ్‌ను ఫ్రీ చేసేస్తుంది. ప్రాసెస్ మాత్రం దాన్ని ఇంకా పట్టుకునే ఉంటుంది. లెక్క ఎక్కువ చూపించే తప్పు ఒక చుట్టు తిరిగి లెక్క తక్కువ చూపించే తప్పుగా మారిందన్నమాట. చిన్న నష్టం అనుకున్నదే పెద్ద ప్రమాదానికి దారి తీసింది. ఇంటెల్ కోర్ ఐ7-5500 ప్రాసెసర్ ఉన్న మెషీన్ మీద ఆ చుట్టు తిప్పడానికి దాదాపు అరగంట పట్టిందని కనుగొన్నవాళ్ళు రాశారు. లెక్క కడితే సెకనుకు సుమారు 24 లక్షల పిలుపులు. మామూలు యూజర్ హక్కులతో మొదలుపెట్టి, ఒక భోజనం చేసి వచ్చేంత సమయంలో, మెషీన్ మీద సర్వ హక్కులూ ఉన్న రూట్ అయిపోవచ్చు.

ఇది ఒంటరి సంఘటన కాదు. 2014లో పింగ్ సాకెట్ తెరిచే కోడ్‌లో ఇలాంటిదే దొరికింది. అక్కడ యూజర్ గ్రూపుల వివరాలకు గెట్ చేసి పుట్ మరిచారు, సాకెట్ తెరిచిన ప్రతిసారీ లెక్క పెరిగేది. తప్పు రాసిన మనుషులు వేరు, చోట్లు వేరు. అయినా తప్పు అదే. అలాంటప్పుడు ‘జాగ్రత్తగా రాయండి’ అని చెప్పి ఊరుకోవడం పరిష్కారం కాదు. అంకె దాచే పెట్టెనే మార్చాలి.

ఆ పెట్టె అప్పటిదాకా ‘అటామిక్_టి’ అనే టైపు. పలు ప్రాసెసర్లు ఒకేసారి కలిపినా తీసేసినా లెక్క చెదరకుండా చూడటం దాని పని. ఆ పని అది బాగానే చేస్తుంది. కానీ తనలో ఉన్న అంకె దేనికోసమో దానికి తెలియదు. ప్యాకెట్ల గణాంకాలకూ అదే, ఆబ్జెక్ట్ ప్రాణానికీ అదే. గణాంకాల అంకె చుట్టు తిరిగితే ఎవరికీ ఏమీ కాదు. ప్రాణం లెక్క చుట్టు తిరిగితే ఇల్లు పోతుంది. 2004లోనే గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ‘కెరెఫ్’ అనే చిన్న పొరను తెచ్చి, గెట్ పుట్‌లకు ఒక పద్ధతి ఏర్పాటు చేశారు. అది మంచి అడుగే, కానీ దాని లోపల కూడా ఉన్నది అటామిక్_టి. చుట్టు తిరగడాన్ని అది ఆపలేదు.

ఆపే ఆలోచన కెర్నల్ బయట అప్పటికే ఉంది. పాక్స్, జీఆర్‌సెక్యూరిటీ అనే భద్రతా ప్యాచ్‌లలో రిఫరెన్స్ లెక్క ఓవర్‌ఫ్లో కాకుండా, అంటే నిండి చుట్టు తిరగకుండా, పట్టుకునే ఏర్పాటు ఏళ్ళ తరబడి నడిచింది. దాన్ని ప్రధాన కెర్నల్‌లోకి తేవడానికి డేవిడ్ విండ్సర్, ఎలీనా రెషెటోవా, హాన్స్ లిల్జెస్ట్రాండ్, కీస్ కుక్ వంటివాళ్ళు శ్రమించారు. పాక్స్ పద్ధతి అటామిక్_టి నే గట్టిపరిచి, రక్షణ అక్కర్లేని చోట్లకు వేరే టైపు ఇస్తుంది. ప్రధాన కెర్నల్‌లో జరిగిన చర్చలో ఇది తిరగబడింది. అటామిక్_టి ని అలాగే ఉంచి, రిఫరెన్స్ లెక్కకే సొంతంగా కొత్త టైపు పెట్టాలని తేలింది. పీటర్ జిల్‌స్ట్రా రాసిన ఆ ‘రెఫ్‌కౌంట్_టి’ 2017 ఏప్రిల్‌లో విడుదలైన 4.11 వెర్షన్‌లో చేరింది. కెరెఫ్ కూడా దాని మీదికే మారింది.

కొత్త టైపులోని అసలు నిర్ణయం ఒక్క మాటలో చెప్పొచ్చు: లెక్క పైకొస మించిందంటే ఇక అక్కడే బిగుసుకుపోవాలి. దీన్ని శాచురేషన్ అంటారు. తర్వాత ఎన్ని గెట్‌లు చేసినా పెరగదు, ఎన్ని పుట్‌లు చేసినా తగ్గదు, సున్నాకి ఎప్పటికీ రాదు. కాబట్టి ఆ ఆబ్జెక్ట్ ఎప్పటికీ ఫ్రీ కాదు. మెషీన్ రీస్టార్ట్ చేసేదాకా కాస్త మెమరీ పోయినట్టే. వాచ్‌మన్ చేతిలోని మీటరు బిగుసుకుపోతే హాలుకి తాళం పడదు, అద్దె నష్టం. కానీ తింటున్నవాళ్ళ మధ్యలోకి ఇంకో పెళ్ళి దిగదు. రెండు నష్టాల్లో ఏది భరించాలో తెలిసి ఎంచుకున్న నిర్ణయం ఇది. కెర్నల్ భద్రతలో ఇంత నిజాయితీగా తీసుకున్న నిర్ణయాలు తక్కువే. తప్పులు జరగవని ఇది అనుకోలేదు, జరిగినప్పుడు నష్టం ఎటు పడాలో ముందే రాసి పెట్టింది.

రెండో నియమం సున్నా గురించి. సున్నాలో ఉన్న లెక్కకు ఒకటి కలపకూడదు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ చాలా పెద్దది. ఒక జాబితాలో ఆబ్జెక్ట్ కోసం ఒక ప్రాసెసర్ వెతుకుతోంది, అదే క్షణంలో ఇంకో ప్రాసెసర్ మీద దాని ఆఖరి పుట్ జరిగి లెక్క సున్నాకి వచ్చింది, కానీ ఇంకా జాబితాలోంచి తీయలేదు. వెతికేవాళ్ళకు అది దొరుకుతుంది. వాళ్ళు అమాయకంగా ఒకటి కలిపితే, చితికి చేరినదానికి ప్రాణం పోసినట్టే. అవతలి ప్రాసెసర్ మాత్రం ఫ్రీ చేసే పనిలోనే ఉంటుంది. అందుకే వెతికి పట్టుకునే చోట ‘సున్నా కాకపోతేనే కలుపు’ అనే ప్రత్యేకమైన పిలుపు వాడాలి. అది విఫలమైతే, ఆ ఆబ్జెక్ట్ లేనట్టే అనుకుని ముందుకు వెళ్ళాలి. మామూలు గెట్‌ను సున్నా మీద చేస్తే రెఫ్‌కౌంట్_టి కెర్నల్ లాగ్‌లో కేక పెడుతుంది: ‘అడిషన్ ఆన్ 0, యూజ్-ఆఫ్టర్-ఫ్రీ’.

ఈ నియమం వల్ల పాత కోడ్‌ను మార్చేవాళ్ళకు తలనొప్పి కూడా వచ్చింది. కొన్ని చోట్ల సున్నాకి వేరే అర్థం ఉండేది: ‘ప్రస్తుతం ఎవరూ వాడట్లేదు, కానీ క్యాష్‌లో ఉంది, కావాలంటే మళ్ళీ తీసుకోవచ్చు’ అని. ఫైల్ సిస్టమ్‌లో ఒక్కో ఫైలు వివరాలు ఉంచే ఐనోడ్‌ల లెక్క సంప్రదాయంగా అలాంటిదే. అలాంటి కోడ్‌ను ఊరికే టైపు మార్చి వదిలేయడం కుదరదు. క్యాష్ కూడా ఒక వాడకందారే అని గుర్తించి దాని తరఫున ఒకటి కలిపి ఉంచేలా తిరగరాయాలి. వందల చోట్ల ఈ మార్పిడి జరిగింది. రిఫరెన్స్ లెక్కలా వాడుతున్న అటామిక్_టి లను వెతికి పట్టే స్క్రిప్ట్‌ను కూడా కెర్నల్ సోర్స్‌లోనే చేర్చారు. మారుస్తూ పోతుంటే పాత పొరపాట్లు కొన్ని వాటంతట అవే బయటపడ్డాయి. టైపుకి అర్థం చెప్పగానే అర్థం లేని వాడకాలు కనిపించడం సహజమే.

గొడవ మాత్రం వేగం దగ్గర వచ్చింది. మొదటి రెఫ్‌కౌంట్_టి ప్రతిసారీ పాత విలువ చదివి, పరీక్షించి, ఈలోగా ఎవరూ మార్చకపోతేనే కొత్తది రాసే లూప్‌తో పనిచేసేది. ఎక్కువ ప్రాసెసర్లు ఒకే లెక్క మీద పడితే ఆ లూప్ మళ్ళీ మళ్ళీ తిరగాల్సి వస్తుంది. నెట్‌వర్క్ కోడ్‌లో సెకనుకు లక్షల ప్యాకెట్లు, ప్రతి ప్యాకెట్‌కూ గెట్ పుట్‌లు. ఆ విభాగం చూసేవాళ్ళు ఈ ఖర్చు భరించలేమని గట్టిగా అభ్యంతరం చెప్పారు. దాంతో పూర్తి తనిఖీ ఒక కాన్ఫిగరేషన్ ఆప్షన్‌గా మారింది. 2017 నవంబర్‌లో వచ్చిన 4.14 లో ఎక్స్86 (ఇంటెల్ తరహా ప్రాసెసర్లు) కోసం కీస్ కుక్ వేరే దారి తెచ్చారు. మామూలుగానే కలిపేసి, ఫలితం రుణ సంఖ్య అయితే (32 బిట్‌లలో సగం దాటిన విలువలను రుణ సంఖ్యలుగానే చదువుతారు) మాత్రం పక్కకు దూకి బిగించే అసెంబ్లీ కోడ్ అది. వేగం దాదాపు పాతదే. కానీ సున్నాకి ఒకటి కలపడాన్ని అది పట్టుకోదు. ఒకే టైపుకి ఒక మెషీన్‌లో ఒక రక్షణ, ఇంకోదాంట్లో ఇంకో రక్షణ. ఏ భద్రత ఉందో తెలియాలంటే కాన్ఫిగరేషన్ చూడాల్సి రావడం మంచి స్థితి కాదు.

విల్ డీకన్ ఈ చిక్కును విప్పారు. ఆయన పద్ధతి 2020 జనవరిలో విడుదలైన 5.5 లో వచ్చింది. ఆప్షన్ పోయింది, అసెంబ్లీ కోడ్ పోయింది, అందరికీ ఒకే సీ కోడ్, పూర్తి తనిఖీ ఎప్పుడూ ఉంటుంది. ఈ డిజైన్ ఎంత తేలికగా ఉందో చూస్తే ముచ్చటేస్తుంది. ముందు కలిపేసెయ్, ఆ తర్వాత చూడు. ఒకే అటామిక్ ఆదేశంతో ఒకటి కలిపి, కలపకముందున్న విలువను తీసుకుంటుంది. ఆ పాత విలువ సున్నానా, రుణ సంఖ్యనా, కలిపాక రుణమైందా అని పరీక్షిస్తుంది. తేడా ఉంటే లెక్కను బిగింపు విలువకు మార్చి హెచ్చరిక రాస్తుంది.

వెంటనే ఒక అనుమానం రావాలి. ముందు కలిపి తర్వాత చూస్తే, ఆ రెండింటి మధ్య సందులో ఇంకో ప్రాసెసర్ దూరదా? దూరుతుంది. దానికి సమాధానం బిగింపు విలువను ఎక్కడ పెట్టారన్న దాంట్లో ఉంది. 32 బిట్‌ల సంఖ్యలో ధన విలువలు 214,74,83,647 దాకా, మిగతా సగం రుణ విలువలు. ఆ రుణ సగమంతా ‘ప్రమాద ప్రాంతం’. బిగింపు విలువ ఆ ప్రాంతానికి అంచున కాకుండా సరిగ్గా నడిమధ్యలో ఉంది: మైనస్ 107,37,41,824. అక్కడి నుంచి ఎటు వెళ్ళినా బయటపడాలంటే దాదాపు 107 కోట్ల అడుగులు. లినక్స్‌లో ఒకేసారి ఉండగలిగే టాస్క్‌లు గరిష్ఠంగా 41,94,304. అన్నీ ఒకే క్షణంలో ఆ సందులో దూరినా, ఒక్కో టాస్క్ 256 అడుగులు వేస్తే తప్ప లెక్క ఆ ప్రాంతం దాటదు. ఊరి చివర కాపలా పెట్టకుండా దొంగను చెరువు నడుమ దిబ్బ మీద వదిలినట్టు. తాళం వేయాల్సిన పనిలేదు, ఈదుకుని ఒడ్డుకు చేరేలోపు ఎవరో ఒకరు చూసి మళ్ళీ నడుమకే చేరుస్తారు. లాక్ లేకుండా, లూప్ లేకుండా, ఒక సంఖ్యను సరైన చోట పెట్టడంతో, ప్రాసెసర్లు ఒకదాని పనిలో ఒకటి దూరే ఈ రేస్ సమస్య తీరిపోయింది.

అదే కీరింగ్ దాడిని ఇప్పుడు ఊహించండి. పుట్ మరిచిన లోపం అలాగే ఉందనుకుందాం. దాడి చేసేవాడు లూప్ నడుపుతాడు. అదే వేగంతో పదిహేను నిమిషాల దగ్గర లెక్క 214 కోట్లు దాటగానే బిగుసుకుపోతుంది. లాగ్‌లో ‘శాచురేటెడ్, లీకింగ్ మెమరీ’ అని ఒక లైను పడుతుంది. ఒక కీరింగ్ మెమరీలో శాశ్వతంగా ఉండిపోతుంది. ఆ దాడి అక్కడితో సరి.

అయితే 64 బిట్‌ల అంకె పెడితే పోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అదే సెకనుకు 24 లక్షల వేగంతో 64 బిట్‌ల లెక్కను చుట్టు తిప్పాలంటే దాదాపు రెండున్నర లక్షల ఏళ్ళు పడుతుంది. ఓవర్‌ఫ్లో వరకు అది నిజంగానే పరిష్కారం. కానీ కోట్ల సంఖ్యలో ఉండే ఆబ్జెక్ట్‌లలో ఒక్కోదానికి 4 బైట్లు పెరుగుతాయి. 32 బిట్‌ల మెషీన్లలో 64 బిట్‌ల అటామిక్ లెక్కలు ఖరీదు. పైగా సున్నాకి ఒకటి కలిపే తప్పును అది పట్టుకోదు.

ఇంకో పాత వాదన కూడా ఉండేది. లీక్ లేకుండా, నిజమైన రిఫరెన్స్‌లతోనే 32 బిట్‌లు నిండిపోవాలంటే ప్రతి రిఫరెన్స్‌కూ ఎక్కడో ఒక పాయింటర్ ఉండాలి, పాయింటర్‌కి 8 బైట్లు, మొత్తం 32 గిగాబైట్ల మెమరీ కావాలి, అంత ఎవరికుంటుంది అని. ఆ ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. 2016లోనే, యూజర్లు ఇచ్చే చిన్న ప్రోగ్రాములను కెర్నల్ లోపల నడిపే బీపీఎఫ్ కోడ్‌లో సరిగ్గా ఇలాంటి ఓవర్‌ఫ్లో దొరికింది, 32 గిగాబైట్లకు మించి మెమరీ ఉన్న మెషీన్లలో. 2019లో మెమరీ పేజీల లెక్క మీద, ఫ్యూజ్ ఫైల్ సిస్టమ్ ద్వారా ఇంకోటి వచ్చింది, దానికి 140 గిగాబైట్ల వరకు కావాలి. ఈ రోజు డేటా సెంటర్‌లో అది మామూలు సర్వర్. పేజీల లెక్క రెఫ్‌కౌంట్_టి లో లేదు. దానికి విడిగా, లెక్క మరీ పెరిగితే కొత్త రిఫరెన్స్ ఇవ్వననే తనిఖీ పెట్టారు.

ఇక ఈ టైపు చేయలేనిదాని గురించి. ఇదే ముఖ్యమైన భాగం, దీని గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం తక్కువ. ఒక ఆబ్జెక్ట్‌ను ఇద్దరు పట్టుకున్నారు, లెక్క రెండు. మొదటివాళ్ళు పొరపాటున రెండుసార్లు పుట్ చేశారు. రెండు ఒకటైంది, ఒకటి సున్నా అయింది. రెఫ్‌కౌంట్_టి కి ఇందులో ఏ తేడా కనిపించదు. దాని కళ్ళకు ఇది పద్ధతి ప్రకారం వచ్చిన సున్నా. ఆబ్జెక్ట్ ఫ్రీ అవుతుంది, రెండోవాళ్ళు గాల్లో ఉంటారు. తర్వాత వాళ్ళు తమ పుట్ చేసినప్పుడు ఆ జాగాలో ఇంకా పాత సున్నాయే ఉంటే ‘అండర్‌ఫ్లో; యూజ్-ఆఫ్టర్-ఫ్రీ’ అనే హెచ్చరిక వస్తుంది. ఈలోగా అక్కడ కొత్త ఆబ్జెక్ట్ చేరిపోతే ఆ హెచ్చరిక కూడా రాదు. పైకి పోయే లెక్కకు ఈ టైపు గట్టి గోడ. కిందికి పోయే లెక్కకు అదృష్టం బాగుంటే మోగే గంట మాత్రమే.

2023లో బయటపడిన సీవీఈ-2023-3776 అలాంటిదే. నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను వర్గీకరించే కోడ్‌లో ఒక ఫంక్షన్ ముందు లెక్క మార్చేసి, తర్వాతి అడుగులో ఎర్రర్ వస్తే మార్చినదాన్ని సరిచేయకుండా తిరిగి వచ్చేసేది. లెక్కను సున్నాకి దింపగలిగితే వాడుకలో ఉన్నదే ఫ్రీ అవుతుంది. ఇక్కడ కూడా తప్పు ఎక్కడుందో చూడండి: ఎర్రర్ దారిలో. కీరింగ్ విషయంలో కూడా అంతే, ముందుగా తిరిగి వచ్చేసే దారిలో. అంతా సవ్యంగా సాగే దారిని రాసినవాళ్ళు, చదివినవాళ్ళు, పరీక్షించినవాళ్ళు పదిసార్లు చూస్తారు. మధ్యలో ఆగిపోయే దారులను ఎవరూ అంత శ్రద్ధగా నడిచి చూడరు.

డ్రైవర్లు రాసేవాళ్ళకు బాగా తెలిసిన ఉదాహరణ డివైస్ ట్రీ లూప్. బోర్డు మీద ఉన్న డివైస్‌ల వివరాల చెట్టులో ఒక నోడ్ కింది పిల్ల నోడ్‌లను ఒక్కొక్కటిగా చూసే మాక్రో (కోడ్‌కు పెట్టిన పొట్టి పేరు) ఒకటుంది. ప్రతి అడుగులో అది తర్వాతి నోడ్‌కు గెట్, వెనకటి నోడ్‌కు పుట్ తానే చేస్తుంది. లూప్ చివరిదాకా నడిస్తే లెక్క సరిపోతుంది. కావాల్సింది దొరకగానే మధ్యలో ‘బ్రేక్’ చేసినా, ‘రిటర్న్’ అన్నా, చేతిలో ఉన్న నోడ్‌కు పుట్ చేయాల్సిన బాధ్యత రాసినవాళ్ళది. మాక్రో పేరులో ఆ సంగతి ఎక్కడా లేదు. కోడ్ చూస్తే అక్కడ గెట్ అనే మాటే కనిపించదు, మరి పుట్ గుర్తుకు రావడం ఎలా? దీన్ని మనుషుల నిర్లక్ష్యం అనడం అన్యాయం. ఏళ్ళ తరబడి వందల డ్రైవర్లలో ఇదే పొరపాటు దొరుకుతూ, దాన్ని సరిచేసే ప్యాచ్‌లు వస్తూనే ఉన్నాయంటే తప్పు ఆ మాక్రో అమరికలో ఉంది.

దీనికి మందు ఇటీవలి ఏళ్ళలో వచ్చింది. ఒక వేరియబుల్ పరిధి దాటగానే ఫలానా ఫంక్షన్‌ను పిలవమని కంపైలర్‌కు చెప్పే సౌకర్యం జీసీసీ, క్లాంగ్‌లలో చాలాకాలంగా ఉంది. దాన్ని కెర్నల్ అంతటా పద్ధతిగా వాడుకునే ఏర్పాటును పీటర్ జిల్‌స్ట్రా 2023లో 6.5 వెర్షన్‌లో తెచ్చారు. డివైస్ ట్రీ లూప్‌కు కూడా ‘స్కోప్డ్’ అనే కొత్త రూపం వచ్చింది. దాన్ని వాడితే బ్రేక్ అయినా, రిటర్న్ అయినా, గోటూ అయినా పుట్ కంపైలరే చేస్తుంది. దారులు ఎన్ని ఉన్నా గుర్తుపెట్టుకోవాల్సిన పని మనిషికి లేదు. రెఫ్‌కౌంట్_టి కన్నా ఇది పెద్ద మార్పు అనుకోవచ్చు. ఆ టైపు తప్పు జరిగాక నష్టాన్ని పక్కకు తిప్పుతుంది. ఇది తప్పు రాసే అవకాశాన్నే తగ్గిస్తుంది.

లీక్‌ను వెతకడం కూడా ఎంత కష్టమో కంటెయినర్లు నడిపేవాళ్ళను అడగాలి. కంటెయినర్‌కు విడిగా ఇచ్చిన నెట్‌వర్క్‌ను, అంటే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌ను, మూసేటప్పుడు ‘అన్‌రిజిస్టర్_నెట్‌డివైస్: వెయిటింగ్ ఫర్ ఎల్ఓ టు బికమ్ ఫ్రీ. యూసేజ్ కౌంట్ = 1’ అనే లైను పది సెకన్లకోసారి వచ్చి పడుతుంటే ఆపరేషన్స్ టీమ్‌కి రాత్రంతా టెన్షన్. ఎవరో ఒకరు ఆ డివైస్‌ను వదలలేదని అంకె చెబుతుంది. ఎవరో చెప్పదు. లెక్కలోని ‘ఒకటి’కి పేరు ఉండదు కదా. ఆ పేరు ఇవ్వడానికి ఎరిక్ డ్యూమజే 2022లో 5.17 వెర్షన్‌తో రిఫరెన్స్ ట్రాకర్‌ను తెచ్చారు. ప్రతి గెట్‌కూ ఒక చిన్న చీటీ, అది ఎక్కడి నుంచి పిలిచారో ఆ స్టాక్ వివరం. పుట్ చేసేటప్పుడు అదే చీటీ తిరిగి ఇవ్వాలి. చీటీ ఇవ్వకుండా మిగిలిపోయింది ఎవరో, ఒకే చీటీని రెండుసార్లు తెచ్చింది ఎవరో దొరికిపోతారు. ఖర్చు ఎక్కువ కాబట్టి తప్పులు వెతికే కెర్నల్ బిల్డ్‌లలోనే దీన్ని వాడతారు. అయినా, రెఫ్‌కౌంట్_టి కి కనిపించని ఆ అదనపు పుట్ దీనికి కనిపిస్తుంది.

2022 డిసెంబర్‌లో విడుదలైన 6.1 వెర్షన్‌తో రస్ట్ భాష లినక్స్ కెర్నల్‌లోకి వచ్చింది. అక్కడ రిఫరెన్స్ అంటే చేతికి ఇచ్చిన వస్తువు లాంటిది. ఆ వస్తువు పరిధి దాటితే పుట్ దానంతట అదే జరుగుతుంది, ఒకసారి వదిలేసినదాన్ని మళ్ళీ ముట్టుకుంటే కోడ్ కంపైల్ కాదు. మామూలు రస్ట్ కోడ్‌లో అదనపు పుట్ రాయడమే కుదరదు. సీ కోడ్‌తో కలిసే అంచుల్లో మాత్రం ఆ హామీని మనుషులే చేత్తో రాసి నిలబెట్టాలి. ఇందులో ఒక ముచ్చటైన తేడా ఉంది. మామూలు రస్ట్ లైబ్రరీలోని ‘ఆర్క్’ అనే రిఫరెన్స్ లెక్క మరీ పెరిగిపోతే ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. ఒక అప్లికేషన్ ఆగితే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. కెర్నల్‌లో అలా చేస్తే మెషీన్ మొత్తం ఆగుతుంది. అందుకే కెర్నల్ కోసం రాసిన ఆర్క్ సొంత లెక్క పెట్టుకోలేదు. లోపల సీ వాళ్ళ రెఫ్‌కౌంట్_టి నే వాడుతుంది. కొస మించితే ఆగిపోకుండా, ఆ మైనస్ 107 కోట్ల దిబ్బ మీదికే వెళ్ళి బిగుసుకుంటుంది.